టీకా వేసుకున్న పిల్లలకూ తట్టు వస్తోంది, ఇక రెండో డోసు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. వాళ్ల స్కూల్లో ఏడుగురు పిల్లలకు తట్టు వచ్చింది. అందులో ముగ్గురికి టీకా రెండు డోసులూ వేయించారట. మా వాడికి తొమ్మిదో నెలలో ఒక్క డోసే పడింది. టీకా వేసినా వస్తుంటే రెండోది వేయించడం దండగ కాదా? రెండు రోజులుగా వాడికి జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ పోస్తున్నాను. పాపకు ఏడో నెల, తను బాగానే ఉంది.
- ఓ తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, టీకా సంగతి తర్వాత. మీరు రాసిన చివరి మాటే నాకు ఎక్కువ కంగారు పెట్టింది. తట్టు దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. మీ బాబుది తట్టే అయితే పాపకు ఇప్పటికే సోకి ఉండొచ్చు. సోకాక జ్వరం రావడానికి పది పన్నెండు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది కాబట్టి ‘బాగానే ఉంది’ అని ఆగకండి. ఏడాది లోపు పిల్లల్లో ఇది న్యుమోనియాకు, ఒక్కోసారి మెదడువాపుకు దారితీస్తుంది. తట్టు ఉన్నవారి దగ్గర మెలిగిన 72 గంటల్లోపు టీకా వేస్తే ఆరు నెలలు నిండిన పసివాళ్లలో జబ్బును ఆపే అవకాశం ఉంది. అది దాటితే ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (జబ్బుతో పోరాడే యాంటీబాడీలను నేరుగా ఇచ్చే) ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తాం. మీ పాపకు ఏది తగునో చూడకుండా నేను చెప్పలేను. ఈ జవాబు చదివిన రోజే ఇద్దరినీ పిల్లల డాక్టరుకు చూపించండి. ఇప్పుడు టీకా వేసినా, తొమ్మిది నెలలు నిండాక వేసే డోసు మానకూడదు. తల్లిపాలు అసలే ఆపకండి.

ఆ సిరప్ ఇవాళే ఆపేయండి. తట్టు వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. న్యుమోనియా, చెవిలో చీము లాంటివి తోడైతే అప్పుడు రాస్తాం, అదీ బరువు చూసి, ఎన్ని రోజులో చెప్పి. నీళ్లు కలిపి దాచిన సిరప్ కొన్నాళ్లకే పాడవుతుంది కూడా. పోనీ అది వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు వచ్చాయనుకోండి, తట్టు వల్లా, మందు పడకా అన్నది తేల్చడం మాకూ కష్టమే. నా ఓపీలో వారానికి నలుగురైనా ఇలా సొంతవైద్యం చేసుకుని, మూడో రోజో నాలుగో రోజో పిల్లలు ఆయాసపడుతుంటే వస్తారు. ప్రేమతోనే పోస్తారని తెలుసు. కానీ ఆ రోజులు మళ్లీ రావు కదమ్మా.

ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడుకున్నా, ఫిట్స్ వచ్చినా రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. తట్టు అని తేలితే విటమిన్ ఎ రెండు రోజులు వరుసగా ఇస్తాం. అది డాక్టరు చేతి మీదుగానే జరగాలి.

ఇక మీ లెక్క. జబ్బు పడిన ఏడుగురినే చూశారు, పడనివాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. వంద మంది పిల్లలున్నారనుకోండి. 95 మందికి రెండు డోసులూ పడ్డాయి, అయిదుగురికి అసలు పడలేదు. రెండు డోసులు నూటికి 97 మందిని కాపాడతాయి. కాబట్టి ఆ 95 మందిలో ఏ ముగ్గురికో వస్తుంది. టీకా లేని పిల్లలు రోగి దగ్గర మసిలితే పది మందిలో తొమ్మిది మందికి వస్తుంది, అంటే ఆ అయిదుగురిలో నలుగురికైనా తప్పదు. మొత్తం ఏడుగురు. అందులో ముగ్గురు టీకా పిల్లలే. కానీ 95లో ముగ్గురెక్కడ, అయిదుగురిలో నలుగురెక్కడ?

తట్టు ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకగలదు. అందుకే ఊళ్లో 95 శాతం మందికి రెండు డోసులూ పడితేగానీ టీకా వయసు రాని మీ పాపలాంటి వాళ్లకు రక్షణ ఉండదు. బాబుకు 16 నుంచి 24 నెలల మధ్య పడాల్సిన రెండో డోసు తప్పింది. ఇది తట్టు కాదని తేలితే, జ్వరం తగ్గాక ఎలా వేయించాలో డాక్టర్‌ని అడగండి.

బయల్దేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి ‘తట్టు అనుమానం’ అని చెప్పండి, నేరుగా వెళ్లి వరుసలో కూర్చోకండి. రోగి లేచి వెళ్లాక కూడా రెండు గంటల దాకా ఆ గది గాలిలో వైరస్ ఉంటుంది. అక్కడ మీ పాప వయసు పిల్లలే ఎక్కువ. మీ ఆశ కార్యకర్తకూ చెప్పండి, రక్త పరీక్షకు నమూనా పంపే ఏర్పాటు వాళ్ల ద్వారా జరుగుతుంది.