పెట్ షాప్ బాయ్స్‌లో కదలకుండా నిలబడే ఆ రెండో ఆయన ఏం చేస్తారు?

ప్రశ్న: బ్రిటిష్ పాప్ జోడీ పెట్ షాప్ బాయ్స్ వీడియోల్లో ఒకాయన పాడతారు. ఇంకొకాయన టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కీబోర్డు వెనక ఊరికే నిలబడి ఉంటారు. ఆ రెండో ఆయన నిజంగా ఏం చేస్తారు? ఇద్దరూ కలిసి నలభై ఏళ్ళు దాటినా విడిపోకుండా ఎలా ఉన్నారు? కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండోదానికి కూడా చాలావరకు దొరికినట్టే. ఆ నిలబడి ఉండే ఆయన పేరు క్రిస్ లో. పాడే ఆయన నీల్ టెన్నంట్. వాళ్ళ సొంత పాటల కింద ఇద్దరి పేర్లూ కలిపే ఉంటాయి. ట్యూన్ ఎవరిది, మాట ఎవరిది అని విడదీసి వేయరు.

నేనూ ఒక స్నేహితుడితో కలిసి ట్రాకులు చేస్తుంటాను. రాసేది, పాడేది అతను. కీబోర్డు, ప్రోగ్రామింగ్ నావి. పాట విన్నవాళ్ళు నేరుగా అతని దగ్గరికే వెళ్ళి మాట్లాడతారు. అందుకే ‘రెండో ఆయన ఏం చేస్తారు’ అనే మాట ఎక్కడ కనిపించినా నాకు జవాబు చెప్పకుండా ఉండబుద్ధి కాదు.

వీళ్ళిద్దరూ కలిసింది 1981 ఆగస్టులో, లండన్ కింగ్స్ రోడ్‌లోని ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో. అప్పుడు నీల్‌కు 27 ఏళ్ళు. బ్రిటన్‌లో మార్వెల్ కామిక్స్‌కు ఎడిటర్‌గా చేసి, తర్వాత పుస్తకాల ఎడిటింగ్‌లో ఉన్నారు. ఒక సింథసైజర్ (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే కీబోర్డు) కొనుక్కుని, దాన్ని కనెక్ట్ చేసుకోవడానికి కావలసిన వస్తువు కోసం ఆ షాపుకు వచ్చారు. క్రిస్ అప్పటికి లివర్‌పూల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, శిక్షణ కోసం లండన్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నారు. ఊరు బ్లాక్‌పూల్. స్కూల్లో ఉండగా ట్రాంబోన్ వాయించేవారు, పియానో కూడా వచ్చు. నీల్‌ది గిటార్ పట్టుకుని పాట రాసుకునే అలవాటు, క్రిస్‌కు డాన్స్ మ్యూజిక్ అంటే ప్రాణం. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర మొదటి రోజునుంచే ఉంది.

1982లో నీల్ ‘స్మాష్ హిట్స్’ అనే పాప్ పత్రికలో చేరారు. ఈ ఉద్యోగాన్ని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు కానీ, నా దృష్టిలో వీళ్ళ కెరీర్‌కు పునాది అదే. పాప్ స్టార్లు ఎలా పైకి వస్తారో, ఎప్పుడు దిగిపోతారో, ఇంటర్వ్యూల్లో ఏం వాగి పాడుచేసుకుంటారో ఆయన పక్కనే కూర్చుని చూశారు. 1983లో ‘ది పోలీస్’ అనే రాక్ బృందాన్ని ఇంటర్వ్యూ చేయడానికి న్యూయార్క్ వెళ్ళినప్పుడు, అక్కడ తాను, క్రిస్ ఇద్దరూ అభిమానించే డాన్స్ ప్రొడ్యూసర్ బాబీ ఓర్లాండోను కలిశారు. ఆయనతో చేసిన ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ మొదటి రూపం 1984లో వచ్చి కొన్ని క్లబ్బుల్లో ఆడింది, అంతకు మించి పోలేదు. ఆ ఒప్పందం నుంచి బయటపడటానికి రాబోయే రాబడిలో వాటా ఇవ్వాల్సి వచ్చింది. 1985లో పార్లోఫోన్ రికార్డు కంపెనీతో సంతకం చేశాక వచ్చిన మొదటి సింగిల్ (ఒక్క పాటగా విడుదల చేసే రికార్డు) ‘ఆపర్చునిటీస్’ కూడా ఆడలేదు. అప్పుడు స్టీఫెన్ హేగ్ ప్రొడక్షన్‌లో ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ మళ్ళీ రికార్డు చేశారు. 1986 జనవరిలో బ్రిటన్‌లో, మేలో అమెరికాలో నంబర్ వన్ అయింది.

రెండు రూపాలూ వెంటవెంటనే విని చూడండి. మాటలు, బేస్ లైన్ (అడుగున సాగే మంద్ర స్వరాల వరుస) దాదాపు అవే. హేగ్ వేగం తగ్గించారు, మొదట్లో వీధి చప్పుడు, అడుగుల శబ్దం పెట్టారు, వాయిద్యాల మధ్య గాలి ఆడనిచ్చారు. ఆ ట్రాక్‌ను నా కీబోర్డు మీద తిరిగి కట్టడానికి కూర్చున్నప్పుడు నాకు తెలిసిందేమిటంటే, వాయించడం కష్టం కాదు, ఎక్కడ వాయించకూడదో తెలియడం కష్టం. క్రిస్ గొప్పతనం అక్కడ ఉంది. వేగంగా వేళ్ళు పరిగెత్తించే వాద్యకారుడు కాదాయన. ఒక బేస్ లైన్, రెండు మూడు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఎంచుకుని, పాట మొత్తం వాటి మీద నిలబడేలా చేస్తారు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ కావాలంటే 1987లో వచ్చిన ‘ఇట్స్ ఎ సిన్’. క్రిస్ కీబోర్డు మీద చర్చి పాటలా ధ్వనించే వరుస ఒకటి వాయిస్తుంటే, న్యూకాసిల్‌లో కాథలిక్ స్కూల్లో చదివిన నీల్‌కు ఆ చదువు, ఆ భయం గుర్తొచ్చి మాటలు కట్టారు. అంటే పాట దేని గురించో నిర్ణయించింది మాట రాసిన ఆయన ఒక్కరే కాదు, నోరు విప్పని ఆయన వేసిన కార్డులు కూడా. ‘ఆపర్చునిటీస్’లో డబ్బు గురించిన ఆ పల్లవి మాట కూడా క్రిస్ ఇచ్చిందే, దాని చుట్టూ మిగతాది నీల్ అల్లారు.

స్టేజి మీద కదలకపోవడం అంటారా, అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. చేతిలో గిటార్ లేనివాడు గిటార్ ఉన్నవాడిలా ఎగరక్కర్లేదు అనుకున్నారు. పైగా నాలుగు బ్రిటిష్ నంబర్ వన్‌లు వచ్చేదాకా పెద్ద టూరే చేయలేదు. 1989లో మొదటి టూర్ చేసినప్పుడు దర్శకుడు డెరెక్ జార్మన్, వెనక తెర మీద ఆయన తీసిన ఫిల్ములు. 1991 టూర్‌లో ఇంకా ముందుకు వెళ్ళి, వాద్యకారులను స్టేజి మీద కనిపించనివ్వనే లేదు, మొత్తం నాటకంలా నడిపారు. ‘లైవ్‌లో ఏం వాయిస్తున్నావు’ అని నన్ను అడిగేవాళ్ళకు నేను చూపించేది ఆ ప్రదర్శన వీడియోనే.

ఇక 1987, 88 సంవత్సరాలు. ‘ఇట్స్ ఎ సిన్’, ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’, ‘హార్ట్’ మూడూ బ్రిటన్‌లో నంబర్ వన్. గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్‌తో పాడిన పాట అమెరికాలోనూ రెండో స్థానం దాకా వెళ్ళింది. ఈ కాలాన్ని నీల్ తర్వాత ‘ఇంపీరియల్ ఫేజ్’ అన్నారు. ఏం చేసినా చెల్లే, పట్టిందల్లా బంగారమయ్యే దశ అని. ఇప్పుడు సంగీత విమర్శకులందరూ వాడే మాట అది. 1988లో ‘డొమినో డాన్సింగ్’ ఏడో స్థానం దగ్గర ఆగిపోగానే, ఆ దశ అయిపోయిందని ఆయనకు అర్థమైపోయింది. అయిపోయిందని ఒప్పుకున్నవాడు దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని పాట్లు పడడు. వాళ్ళు 1990లో జర్మనీ వెళ్ళి, హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్‌తో పాత అనలాగ్ సింథసైజర్ల మీద ‘బిహేవియర్’ చేశారు. నెమ్మదైన, దుఃఖం నిండిన ఆల్బమ్. అందులోని ‘బీయింగ్ బోరింగ్’ ఎయిడ్స్‌తో చనిపోయిన స్నేహితుడిని తలుచుకుని రాసింది. చార్టుల్లో 20 దాటి పైకి రాలేదు. అభిమానులను అడిగితే మాత్రం ఎక్కువమంది ముందు చెప్పే పాట అదే, నేనూ అదే చెబుతాను.

విడిపోకుండా ఎలా ఉన్నారంటే, పేరు పంచుకోవడం ఒకటి. ఇంకోటి, ప్రతి కొన్నేళ్ళకూ గదిలోకి మూడో మనిషిని, అంటే ప్రొడ్యూసర్‌ను, మార్చి తెచ్చుకోవడం. హేగ్, ట్రెవర్ హార్న్, ఫాల్టర్‌మేయర్, 2009లో ‘యస్’ ఆల్బమ్ కోసం జెనోమేనియా బృందం, ఆ తర్వాత మూడు ఆల్బమ్‌లకు స్టువర్ట్ ప్రైస్, 2024లో జేమ్స్ ఫోర్డ్. ఇద్దరే ఉన్నచోట ఎవరి మాట నెగ్గాలనే టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. మూడో చెవి ఉంటే అది వాదన కాకుండా పని అవుతుంది. మా ఇద్దరి మధ్య కూడా మిక్సింగ్ వేరేవాళ్ళకు అప్పగించడం మొదలైనప్పటినుంచి గొడవలు తగ్గాయి. ఎవరు ఎంత చేసినా రెండు పేర్లూ వేయాలన్న నియమం వీళ్ళను చూసే పెట్టుకున్నాం. నాకు తెలిసిన ఇంకో జోడీ క్రెడిట్ దగ్గరే విడిపోయింది. పాటలు బాగానే ఉండేవి.

అదే కాలపు మిగతా జోడీలను చూడండి. యాజూ రెండు ఆల్బమ్‌లతో 1983లో ఆగింది. సాఫ్ట్ సెల్ 1984లో మొదటిసారి విడిపోయింది. ప్రతిభ తక్కువై కాదు. యాజూలోని విన్స్ క్లార్క్ తర్వాత ఆండీ బెల్‌తో ‘ఇరేజర్’ పెట్టి దశాబ్దాలు నడిపారు కదా.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1993 నాటి ‘వెరీ’ బ్రిటన్‌లో వాళ్ళకు దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ ఆల్బమ్. అందులోని ‘గో వెస్ట్’ ట్యూన్ ఫుట్‌బాల్ స్టేడియాల్లో నినాదమైపోయింది. 2001లో ఒక మ్యూజికల్. 2004లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ‘బాటిల్‌షిప్ పొటెంకిన్’ మూకీ సినిమాకు ఆర్కెస్ట్రాతో సంగీతం. 2009లో బ్రిట్ అవార్డుల్లో గౌరవం, 2012లో లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుక. 2013లో పార్లోఫోన్ వదిలి ‘ఎలక్ట్రిక్’ చేశారు. యాభై దాటిన ఇద్దరు మనుషులు చేసిన డాన్స్ ఆల్బమ్ ఇంత ఒత్తిడితో, ఇంత హుషారుగా ఉంటుందని వినేదాకా నేను నమ్మలేదు. 2024లో మళ్ళీ పార్లోఫోన్‌లోనే వచ్చిన ‘నాన్‌దలెస్’ బ్రిటన్‌లో రెండో స్థానం అందుకుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, హిట్ల సంకలనంతో వద్దు. 1988 నాటి ‘ఇంట్రోస్పెక్టివ్’ పెట్టండి. ఆరే పాటలు, అన్నీ పొడుగ్గా సాగేవే. మొదటి పాట ‘లెఫ్ట్ టు మై ఓన్ డివైసెస్’లో ట్రెవర్ హార్న్ తెచ్చిన ఆర్కెస్ట్రా, క్రిస్ డాన్స్ బీట్ ఒకదాన్నొకటి ఎలా మోస్తాయో వినండి. తర్వాత ‘బిహేవియర్’, ఆ వెంటనే ‘ఎలక్ట్రిక్’. క్రిస్ గొంతు వినాలనుంటే 1986 నాటి బీ-సైడ్ (సింగిల్ రికార్డుకు రెండో వైపు వేసే పాట) ‘పానినారో’ ఉంది. 1995లో అప్పటిదాకా వచ్చిన బీ-సైడ్లు కలిపి ‘ఆల్టర్నేటివ్’ అని రెండు డిస్కులుగా తెచ్చారు, అందులో దొరుకుతుంది. దాన్ని మాత్రం చివరికి ఉంచుకోండి. ముందు ఆల్బమ్‌లు తెలిసి ఉంటేనే, ఎలాంటి పాటలను వాటిలోకి రానివ్వకుండా పక్కన పెట్టగలిగారో తెలుస్తుంది.