జనంతో పడదనే అబ్బాయికి ఏ ఉద్యోగం నప్పుతుంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి బీఎస్సీ ఆక్వాకల్చర్ చదివి, భీమవరం వైపు ఒక రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరాడు. ఐదో నెలలో మానేసి వచ్చేశాడు. "నాకు జనంతో పడదు, ఆన్‌లైన్ టెస్టులో కూడా ఇంట్రోవర్ట్ అనే వచ్చింది" అంటాడు. వాళ్ల నాన్నగారేమో బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. స్వభావమే అలాంటిదైతే వాడు ఏ ఉద్యోగంలో నిలుస్తాడండీ?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కోచింగ్ ఫీజు కట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "జనంతో పడదు" అనే మాట వెనక మూడు రకాల ఇబ్బందులు ఉండొచ్చు. రోజంతా మనుషుల మధ్య తిరిగి అలిసిపోవడం ఒకటి, ఇది స్వభావం. తాను నమ్మని మాట ఎదుటివాళ్లకు చెప్పాల్సి రావడం రెండోది, ఇది విలువల సంగతి. ఎవరైనా కోప్పడితే నోరు పెగలకపోవడం, రాత్రంతా అదే తలచుకుంటూ పడుకోవడం మూడోది. ఇక్కడ కొరవడింది భావోద్వేగాలను సంభాళించుకునే నేర్పు. మొదటిదైతే పని మారాలి. రెండోదైతే యాజమాన్యం మారాలి. మూడోదానికి సాధన కావాలి, ఉద్యోగం మారినంత మాత్రాన అది పోదు.

మేత కంపెనీ ఫీల్డు పనిలో ఈ మూడూ కలగలిసి ఉంటాయి. అందుకే అబ్బాయికీ తేడా తెలిసి ఉండదు. తెల్లారకముందే రొయ్యల చెరువు గట్టు మీద ఉండాలి, ఎందుకంటే రాత్రంతా నీటిలోని జీవాలన్నీ ఆక్సిజన్ వాడుకోవడంతో అది సూర్యోదయానికి ముందే బాగా పడిపోతుంది. నీటిని కొలిచే ఆ పనిలో మనుషులతో పెద్దగా మాటలుండవు, మీటరు, చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం), నోట్‌బుక్ చాలు. ఎండెక్కాక డీలరు దగ్గర టార్గెట్ లెక్కలు, సాయంత్రం అరువు వసూళ్లు. చెక్ ట్రేలో మేత మిగిలితే మేత తగ్గించమని రైతుకు చెప్పాలి. లేదంటే మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. కానీ నెలాఖరు టార్గెట్ మాత్రం బస్తాలు పెంచమంటుంది. నిజాయితీ ఉన్న కుర్రాడికి ఇక్కడే గొంతులో ముల్లు పడుతుంది. ఇంటికొచ్చి "నాకు జనంతో పడదమ్మా" అనడం తేలిక, "నాచేత అబద్ధం ఆడిస్తున్నారు" అని చెప్పడం కష్టం.

కాబట్టి ముందు ఈ పని చేయించండి. ఆ ఐదు నెలల్లో అన్నం సహించని రోజులు ఒక పది గుర్తు చేసుకుని, రోజుకో పేజీ రాయమనండి. ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, తను ఏమన్నాడు, అనాలనుకుని మింగేసిన మాట ఏది. "బాధేసింది" అని రాస్తే చాలదు. విసుగా, భయమా, అవమానమా, తప్పు చేస్తున్నానన్న గిలా, పేరు పెట్టి రాయాలి. ఆ పేజీలు మీరిద్దరూ చదవకండి. చదువుతారని తెలిస్తే మీకు నచ్చేట్టే రాస్తాడు. చివర్న వాటిని తనే మూడు కట్టలుగా వేరు చేసుకోవాలి. విసుగు, అలసట ఉన్నవి స్వభావం కిందికి, తప్పు చేశానన్నవి విలువల కిందికి, భయం, అవమానం ఉన్నవి నేర్పు కిందికి. ఏ కట్ట మందంగా ఉంటే అక్కడ మొదలుపెట్టాలి.

ఆన్‌లైన్ టెస్టు గురించి ఎక్కువ బెంగ వద్దు. ఐఎన్‌టీజే లాంటి నాలుగు అక్షరాల్లో మనిషిని తేల్చేసే టెస్టులు చాలా ఉన్నాయి. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయి. మనస్తత్వ పరిశోధకులు ఎక్కువగా నమ్మే పద్ధతిలో ఐదు లక్షణాలను కొలబద్ద మీద కొలుస్తారు, అందులో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. 1991లో మర్రే బారిక్, మైకేల్ మౌంట్ అనే అమెరికా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. ఆ ఐదింటిలో కలుపుగోలుతనం అమ్మకాల్లోనూ, మేనేజరు పనుల్లోనూ అక్కరకొస్తుందని తేలింది. వాళ్లు చూసిన అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చింది మాత్రం శ్రద్ధ, అంటే ఒప్పుకున్న పని ఒప్పుకున్న వేళకు, ఒప్పుకున్నట్టు చేయడం. ఆ ప్రభావం కూడా ఓ మోస్తరుదే, జాతకం కాదు. మీ అబ్బాయి నెమ్మదస్తుడే అనుకుందాం. రోజూ నీటి లెక్కలు తప్పకుండా రాశాడా? వస్తానన్న చెరువుకు వెళ్లాడా? నేనైతే మొదట అడిగేది అదే.

అందులో లోటుంటే సరిదిద్దుకోవచ్చు. "ఇకనుంచి శ్రద్ధగా ఉంటాను" అన్న ఒట్టు వారం కూడా నిలవదు. ఫలానా చోట, ఫలానా పని అయ్యాక, ఫలానాది చేస్తాను అని ముడిపెట్టుకోవాలి. "గట్టు దిగి బండి స్టార్ట్ చేసే ముందు చెక్ ట్రే లెక్క రాస్తాను" అన్నట్టు. అదీ ఒకసారికి ఒకటే. ఐదు ముడులు ఒకేసారి వేసుకున్నవాళ్లు ఐదూ వదిలేస్తారు.

ఇక భావోద్వేగాల నేర్పు. పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు 1990లో దీన్ని ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పేరుతో వివరించారు. తర్వాత అదే ఉంటే చాలన్నట్టు ప్రచారం సాగింది గానీ, అది అతిశయోక్తి. ఎదుటివాళ్ల కోపాన్నీ కన్నీళ్లనూ రోజూ తట్టుకోవాల్సిన ఉద్యోగాల్లో దాని అవసరం ఎక్కువ, ఒంటరిగా చేసే పనుల్లో తక్కువ. మీ అబ్బాయి చేసింది మొదటి రకం ఉద్యోగం.

ఎక్కడ తేడా కొడుతుందో చెప్తాను. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి రొయ్య గట్టు వారకు చేరుతోందని రైతు తెల్లవారుజామున ఫోన్ చేస్తాడు. కొత్త కుర్రాడు వెళ్లగానే "మా మేతలో లోపం లేదండీ" అంటాడు. పెట్టుబడంతా నీళ్లపాలవుతున్న మనిషికి ఆ మాట కంపెనీ తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది, అక్కడ మొదలవుతుంది గొడవ. "ఏం కాదులెండి" అన్నా అంతే, సాయంత్రానికి అది అబద్ధమని తేలిపోతుంది. మొదట రైతు చెప్పేది అడ్డు తగలకుండా వినాలి, ఒక్క నిమిషమే అయినా ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. తర్వాత "బాబాయ్‌గారూ, రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది? ఏరేటర్లు ఎన్ని తిరిగాయి?" అని అడగాలి (ఏరేటర్లంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు). ఆయన ఎదుటే ఆక్సిజన్, పీహెచ్ కొలిచి, ఆ అంకెలు గట్టిగా చదివి రాయాలి. ఆక్సిజన్ 4 పీపీఎంకి దిగువన ఉంటే ముందు చేయాల్సింది ఏరేటర్ల పని, వాదన కాదు. తెలిసింది ఇది, తెలియంది ఇది, శాంపిల్ ల్యాబుకు పంపుతున్నాను, ఫలానా టైముకు ఫోన్ చేస్తాను అని చెప్పి, రిపోర్టు రాకపోయినా ఆ టైముకు ఫోన్ చేయాలి. రైతులు ఎక్కువగా తిట్టేది చెడ్డ కబురు తెచ్చినవాణ్ని కాదు, ఫోన్ ఎత్తనివాణ్ని.

దీన్ని ఇంట్లోనే సాధన చేయించవచ్చు. వాళ్ల నాన్నగారిని కోపమొచ్చిన రైతులా మాట్లాడమనండి. వారానికి మూడుసార్లు, పది నిమిషాలు చాలు. కుర్రాడు తడబడితే అక్కడే ఆపి, ఆ వాక్యం దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో "నీకు నోరు లేదురా" అనకూడదు. ఆ ఒక్క మాటతో నెల సాధన పోతుంది.

విలువల కట్ట మందంగా ఉంటే దారి వేరు. నెల జీతం, ఊళ్లోనే ఉండటం, నిజం చెప్పగలగడం, కొత్తది నేర్చుకోవడం, చుట్టాల్లో పరపతి, ఇలాంటివి చీటీల మీద రాసి వరస పెట్టమనండి. అందరూ నిజాయితీనే పైన పెడతారు, అదేం పరీక్ష కాదు. "24 వేల ఉద్యోగం వదిలి 18 వేలకు దేనికోసం వెళ్తావు?" అని ఒక్కో చీటీకీ అడిగితే అసలు వరస బయటపడుతుంది.

అతని చదువుకు చాలా దారులున్నాయి. రొయ్య పిల్లలను పుట్టించి పెంచే హేచరీలో మనుషులు తక్కువ, కానీ రాత్రి డ్యూటీలుంటాయి, శుభ్రత విషయంలో చిన్న పొరపాటుకే ట్యాంకు మొత్తం పోవచ్చు. నీటి పరీక్షలు, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్షలు చేసే ల్యాబు నెమ్మదస్తులకు నప్పుతుంది. అయితే అక్కడా "రిపోర్టు కాస్త మార్చి ఇవ్వండి" అనేవాళ్లు తగులుతారు. ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ విభాగంలో చలి, నిలబడి చేసే పని, చుట్టూ జనం. కానీ క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు తిరిగొస్తుంది కాబట్టి, "ఇది పనికిరాదు" అని నిక్కచ్చిగా చెప్పేవాడికి విలువుంటుంది. ఏ ఇంటర్వ్యూలోనైనా అతను ఒక ప్రశ్న అడగాలి: "ఫలితం మీద ఎవరైనా అభ్యంతరం చెబితే ఇక్కడ ఏం చేస్తారండీ?" శాంపిల్ మళ్లీ పరీక్షిస్తామనో, ఇంకో ల్యాబుకు పంపుతామనో టక్కున చెబితే మంచి చోటే. నవ్వి మాట మారిస్తే ఆలోచించుకోవాలి.

ఐదు నెలలకే ఎందుకు మానేశావని వాళ్లూ అడుగుతారు. పాత కంపెనీని తిట్టకూడదు, కథ చెప్పకూడదు. "ఆ పనిలో అమ్మకం పాలు ఎక్కువ. నాకు పరీక్షలు చేయడం, లెక్కలు రాయడం బాగా వచ్చు, అలాంటి పని కోసం చూస్తున్నాను" అంటే చాలు. వెంటనే తను రాసిన చెరువు రికార్డు గురించి ఒక ఉదాహరణ చెప్పాలి: ఏ అంకె తేడాగా కనిపించింది, ఏం చేశాడు, తర్వాత ఏమైంది. జవాబు అతనే చెప్పాలి, వెంట వెళ్లిన పెద్దలు కాదు.

బ్యాంకు విషయం వాళ్ల నాన్నగారికి ఇలా చెప్పండి. మన డెల్టాలో బ్రాంచి అంటే ఏసీ గదిలో కూర్చుని చేసే పని కాదు. బంగారం తాకట్లు, పంట రుణాలు, మొండి బాకీల వసూళ్లు, మార్చి నెల టార్గెట్లు, రుణానికి వచ్చినవాళ్లకు బీమా అంటగట్టే ఒత్తిడి. మేత కంపెనీలో గుచ్చుకున్నది విలువల ముల్లే అయితే అక్కడా గుచ్చుకుంటుంది. నేర్పు లోటైతే కౌంటరు దగ్గర ఇంకా తొందరగా బయటపడుతుంది. పరీక్ష రాయొద్దనను. ఫీజు కట్టే ముందు ఒక సోమవారం ఉదయం అబ్బాయిని మీ ఊరి బ్రాంచికి తీసుకెళ్లి, పాసుబుక్ ప్రింటు వేయించుకునే వంకతో ఓ గంట కూర్చోబెట్టండి. కౌంటరు అవతల మనిషి చేసే పని చూసి తనే చెప్తాడు.

ఇంకొకటి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, స్నేహితుల ఫోన్లు కూడా ఎత్తకపోవడం కనిపిస్తే దాన్ని స్వభావం అనుకోకండి. ముందు డాక్టరుకు చూపించండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఉద్యోగం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.