టెర్మినేటర్‌లో కాలం లెక్క ఎక్కడ తప్పుతుందంటే

టెర్మినేటర్ సినిమాల్లో, భవిష్యత్తులో యంత్రాలతో పోరాడే మనుషుల నాయకుడు జాన్, తన తల్లి సారాను కాపాడటానికి సైనికుడు కైల్‌ను గతంలోకి పంపుతాడు. “కైల్‌ను గతంలోకి పంపింది జానే కదా, మరి కైల్ అతనికి తండ్రి ఎలా అయ్యాడు?” అని అడిగారు. మొదటి సినిమా (1984) వరకు లెక్క సరిగ్గానే ఉందండీ, అదొక మూసిన వలయం, అంటే భవిష్యత్తు నుంచి వచ్చినవాడే ఆ భవిష్యత్తుకు కారణమవుతాడు. చివర్లో పెట్రోల్ బంకు దగ్గర కుర్రాడు సారాకు తీసే పోలరాయిడ్ ఫొటో గమనించండి. భవిష్యత్ యుద్ధంలో కైల్ దాచుకున్న ఫొటో అదే! ఆమె ముఖంలోని దిగులు కైల్ గురించే. ఏదీ మారలేదు, అంతా ముందే జరిగిపోయింది.

చిక్కంతా రెండో భాగంతోనే (1991). మొదటి సినిమాలోని టెర్మినేటర్ (హంతక రోబో) చిప్ నుంచే స్కైనెట్ (మనుషులపై యుద్ధానికి దిగే కంప్యూటర్ వ్యవస్థ) తయారవుతుందంటుంది, అదీ వలయమే. కానీ ఆ చిప్‌ను కరిగిన ఉక్కులో పడేసి స్కైనెట్ తెచ్చే 1997 ఆగస్టు 29 నాటి వినాశనాన్ని ఆపేస్తారు. అంటే నియమమే మారింది, ఇక్కడ భవిష్యత్తును మార్చవచ్చు. రెండింటినీ ఒకే సూత్రంతో ముడిపెట్టకండి. ఆ తర్వాత నేరుగా డార్క్ ఫేట్ (2019) చూడండి, మధ్యలోవి ఆ కథ లెక్కలో లేవు.