గిన్నె చప్పుడుకే చెవిపోటా? ముందు ఆ దూది సంగతి చూడండి
గిన్నె కిందపడితే చెవిలో సూది గుచ్చినట్టుందని, రోజంతా దూది పెట్టుకునే ఉంటున్నానని రాశారు కదండీ. అమలాపురంలో నేనూ ఏడాదిపాటు అదే తప్పు చేశాను. ఇలా మామూలు చప్పుళ్లే భరించలేనంత గట్టిగా, నొప్పిగా అనిపించడాన్ని హైపరాక్యూసిస్ అంటారు. చెవికి శబ్దం అందకపోతే మెదడు తనే వాల్యూమ్ పెంచేస్తుంది, అప్పుడు చెంచా చప్పుడూ టపాకాయే.

ముందు ఈఎన్‌టీకి చూపించండి. ఏ స్థాయి శబ్దం దగ్గర ఇబ్బంది మొదలవుతుందో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు కొలుస్తారు. దూది ఒక్కసారిగా మానేయొద్దు, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కాసేపు తీయండి. నేనైతే చెవికి మళ్లీ శబ్దం అలవాటు కావాలని తూములోంచి కాలవ నీళ్లు పారే చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, వినీ వినపడనంత సన్నగా పెట్టుకునేదాన్ని. మొదట్లో 10 నిమిషాలే. నొప్పి పెరిగితే ఆపేసేదాన్ని. నెలలు పట్టిందండీ.

కనుమనాడు మా కోనసీమ జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్తే మాత్రం ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. ఆ డప్పులకి మామూలు చెవులే తట్టుకోలేవు!