అభివృద్ధి ప్రాజెక్టుకు వచ్చిన అవార్డు డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టుకోవచ్చా?

సాధారణంగా కుదరదు; వర్ధమాన దేశాల్లో ప్రాజెక్టులకు, పరిశోధనకు ఇచ్చే ‘అవార్డులు’ చాలావరకు గ్రాంట్లే, అంటే ఇకముందు చేయబోయే పనికి ఇచ్చే డబ్బు. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టాలి, బడ్జెట్ దాటకూడదు, చిన్న రసీదు కూడా దాచుకోవాలి. డబ్బు తరచూ విడతలుగానే వస్తుంది.

గేట్స్ ఫౌండేషన్ 2008లో మొదలుపెట్టిన గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్ అనే గ్రాంట్ల కార్యక్రమాన్నే చూడండి. రెండు పేజీల దరఖాస్తు నచ్చితే 1,00,000 డాలర్లు ఇచ్చేవారు. ఆలోచన పనిచేస్తుందని తేలితేనే రెండో దశలో 10 లక్షల డాలర్ల దాకా.

అవార్డు అనగానే వేదిక, చప్పట్లు, చెక్కు గుర్తొస్తాయి. తికమకంతా ఆ మాటతోనే (దరఖాస్తు ఫారాలు తయారుచేసేవాళ్లకూ ఈ తికమకలో వాటా ఉంది). చేసేసిన పనికిచ్చే నోబెల్ లాంటి బహుమతుల సంగతి వేరు, ఆ డబ్బుకు ఎవరూ లెక్క అడగరు.