కుండ మొట్టి చూసినట్టు

చిరంజీవి మానసకు,

పెదనాన్న ఆశీస్సులు. ఆదిభట్లలో విమాన భాగాలు చేసే చోట కాంపోజిట్ విభాగంలో, అంటే కార్బన్ పోగుల పొరలను జిగురుతో కలిపి గట్టిపరిచే చోట, చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. పొరలు పేర్చే పనిని యంత్రాలు లాగేసుకుంటాయేమోనని దిగులు పడుతున్నావట. అది ఉత్త దిగులు కాదు. ఎయిర్‌బస్ ఎ350 విమానం బరువులో 53 శాతం కాంపోజిట్లే. అంతేసి రెక్కల మీద కార్బన్ టేపు పరిచేది యంత్రమే. కానీ టేపుల మధ్య ఎక్కడ సందు మిగిలింది, ఎక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కింది, దాన్ని వదిలేయవచ్చా అని తేల్చడానికి పొరను చేత్తో ఎరిగినవాళ్లు కావాలి. మొదటి రెండేళ్లు చేతిపని వదలకు.

మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన ప్రీప్రెగ్ (ముందే జిగురు పట్టించిన కార్బన్ పొర) చుట్టను సంచిలోనే ఉంచి గది వేడికి రానివ్వు. తొందరపడి విప్పితే తేమ పడుతుంది, ఉడికేటప్పుడు అదే బుడగలవుతుంది. చేతులకు క్రీములు, కొబ్బరినూనె వద్దు (మీ పెద్దమ్మ ఇచ్చిన సీసా ఇంట్లోనే ఉంచు). ప్రీప్రెగ్ మీంచి ఒలిచిన ప్రతి ప్లాస్టిక్ పొరనూ పక్కన పెట్టి లెక్కపెట్టు. నేను ఒకసారి లెక్క తప్పాను. అనుమానం వచ్చినా మేస్త్రీకి భయపడి నోరు మెదపలేదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి పెట్టి ఉడికించే పెద్ద పొయ్యి) 180 డిగ్రీల దగ్గర ఉడికాక, శబ్ద తరంగాలతో లోపల వెతికే అల్ట్రాసోనిక్ పరీక్షలో ఆ ప్లాస్టిక్ పొర దొరికింది. భాగం మొత్తం తుక్కు. ముందే చెప్పి ఉంటే ఒక పూట పనితో పోయేది.

ప్రీప్రెగ్‌లోని జిగురు, ఎపాక్సీ, ఉడికిన గుడ్డు లాంటిది, మళ్లీ పచ్చిది కాదు. దాని బదులు ఇప్పుడు వస్తున్న థర్మోప్లాస్టిక్‌లు వేడి చేస్తే మళ్లీ మైనంలా కరుగుతాయి, కాకపోతే చాలావాటికి 300 డిగ్రీలు దాటాలి. వాటికి ఫ్రీజర్ అక్కర్లేదు. వెల్డింగ్ చేయవచ్చు కాబట్టి రివెట్లూ తగ్గుతాయి. ఐరోపాలో వాటితో ఎనిమిది మీటర్ల విమానపు మొండేన్ని చేసి చూపించారు. ఆ వెల్డింగ్ నేర్పుతామంటే వెంటనే పేరు ఇవ్వు.

నన్నడిగితే అంతకంటే భరోసా ఉన్న పని మరమ్మతు. కాంపోజిట్ ఒళ్లున్న బోయింగ్ 787 విమానం ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టింది 2011లో. ఇంకా ఎన్నో ఏళ్లు ఎగరాలి. అల్యూమినియంకు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది. కార్బన్ పైకి ఏమీ ఎరగనట్టే ఉంటుంది, లోపల పొరలు విడిపోతాయి. కుండ కొనేటప్పుడు మొట్టి చూసినట్టు నాణెంతో తట్టి విను. మంచి చోట ఖణేల్మంటుంది, విడిన చోట మొద్దుగా పలుకుతుంది. చెవికి అన్నీ దొరకవు, అందుకని అల్ట్రాసోనిక్ పరీక్షల సర్టిఫికెట్ కూడా సంపాదించుకో.

అరగదీసేటప్పుడు మాస్కు తీయకు. దసరాకు వచ్చినప్పుడు నా బల్ల కింద ఉన్న పాత రెక్క ముక్క ఇస్తాను. పొర ఎక్కడ విడిందో రూపాయి బిళ్లతో తట్టి చెప్పు.

మీ పెదనాన్న