నలభై పనిముట్ల సెట్ కొనమంటోంది మా అమ్మాయి, కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 18 ఏళ్లు. ఫర్నిచర్ తయారీ కోర్సులో చేరబోతోంది. క్లాసులు మొదలయ్యేలోపే సొంత పనిముట్లు ఉండాలని, నలభై పనిముట్లున్న సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూపించి కొనమంటోంది. మాకు ఈ పని గురించి ఏమీ తెలియదు. అంతా మెషీన్ల మీదే నడుస్తున్నప్పుడు చేతి పనిముట్ల మీద డబ్బు పెట్టడం అవసరమా? పెడితే ఏవి కొనాలి? చెయ్యి తెగుతుందేమోనని ఇంకో టెన్షన్. – ఒక తల్లి

జవాబు: అవసరమేనండీ. ఆ సెట్ మాత్రం కొనకండి. ముందుగా కోర్సు వాళ్లను అడిగి, వర్క్‌షాపులో ఏమేం ఇస్తారో, ఎవరికి వారు ఏవి తెచ్చుకోవాలో కనుక్కోండి. అక్కడ ఉన్నవే మళ్లీ కొనడం దండగ.

సెట్ వద్దనడానికి కారణం ఉంది. పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయన్నది చూపించి అమ్మే సెట్లలో సగం ఎప్పటికీ పెట్టె దిగవు. అసలు పని చేయాల్సిన ఉలి, రందా (చెక్కను పొరలుగా తీసి నునుపు చేసే చిత్రిక), రంపం మాత్రం నాసిరకం ఉక్కుతో వస్తాయి. ఎంత సాన పట్టినా నాలుగు దెబ్బలకే పదును పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు తప్పు ఉలిదని వెంటనే పసిగడతారు. కొత్తగా నేర్చుకునే పిల్ల మాత్రం ‘నా చేతికే ఈ పని రావడం లేదు’ అనుకుంటుంది. ఆ దిగులుతోనే పని మానేసే పిల్లలుంటారు. డబ్బు పోవడం కంటే నాకు అదే ఎక్కువ బాధ.

మెషీన్ల సంగతి. పలకలు కోయడం, మందం సమం చేయడం లాంటి బరువు పనులు మెషీన్లు చేస్తాయి, చేయాలి కూడా. కానీ సొరుగు కొద్దిగా బిగుసుకుపోతే, జాయింట్ వెంట్రుకవాసి తేడాతో కూర్చోకపోతే, రందాతో ఒక్క పొర తీయడమో ఉలితో కాస్త చెక్కడమో చేస్తే సరిపోతుంది. ఆ కొంచెం కోసం మెషీన్ సర్దుకునేలోపు చేత్తో పని అయిపోతుంది. పైగా చెక్కలో పోగు, అంటే నార, ఎటు నడుస్తోందో చేతికి తెలుస్తుంది. పోగుకు ఎదురుగా రందా తోస్తే చెక్క పెచ్చులు లేస్తుంది. ఈ తేడా చేత్తో ఎరిగినవాళ్లు మెషీన్ మీద కూడా చెక్కను పాడుచేయరు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఒక జాయింట్ చేసి చూపించమనడం ఈ రంగంలో మామూలే. అక్కడ ఈ చేతిపనే చూస్తారు.

ఇక ఏవి కొనాలి? మొదట చేయబోయే వస్తువును బట్టి ఎంచుకోండి. చాలామంది చిన్న స్టూలుతోనో పెట్టెతోనో మొదలుపెడతారు. అందులో ముఖ్యమైన పని ఒక చెక్క చివర కుసి (బెజ్జంలో దూరే సన్నటి నాలుక లాంటి భాగం) తీసి, ఇంకో చెక్కలో దానికి సరిపడా బెజ్జం తొలవడం.

కొలతల దగ్గర రాజీ పడొద్దు. 300 మిల్లీమీటర్ల స్టీల్ స్కేలు, మూలమట్టం (90 డిగ్రీల మూల సరిచూసేది), మార్కింగ్ గేజ్ (చెక్క అంచుకు సమాన దూరంలో గీత పెట్టేది), గీత గీసే సన్నటి కత్తి చాలు. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. కత్తి గీత సన్నగా లోపలికి దిగుతుంది, ఉలి అంచు సరిగ్గా అందులో కూర్చుంటుంది. మూలమట్టాన్ని షాపులోనే పరీక్షించండి. అంచు నేరుగా ఉన్న పలకకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని తిరగేసి, అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే నిక్కచ్చిగా ఉన్నట్టు. పైకి వెళ్లేకొద్దీ విడిపోతే, కనిపించే ఎడంలో సగం దాని తప్పు. మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

రంపాల్లో వీపున లోహపు పట్టీ ఉన్న టెనన్ రంపం (కుసి కోసేది) ఒకటి ముందు కొనండి. ఆ పట్టీ వల్ల బ్లేడు వంగదు, జాయింట్ల కోత నేరుగా వస్తుంది. లాగేటప్పుడు కోసే జపాన్ రంపాలు సన్నగా కోస్తాయి, కొత్తవాళ్లకు చేతికి తేలిగ్గా పడతాయి. కానీ వాటిలో చాలావాటి పళ్లు బాగా గట్టిపరిచినవి, ఆకురాయికి (పళ్లను రాకి పదును పెట్టే ఉక్కు పనిముట్టు) లొంగవు. అరిగితే బ్లేడే మార్చాలి. ఏది పట్టుకుంటే మీ అమ్మాయికి హాయిగా ఉందో అదే తీసుకోండి.

రందా ఒకటి చాలు. ఐదో నంబరు జాక్ రందా, సుమారు 14 అంగుళాల పొడవుది, గరుకు చెక్కను దారికి తేవడానికీ చివర్లో నునుపు చేయడానికీ రెంటికీ పనికొస్తుంది. పాతది దొరికినా మంచిదే. పైపైన తుప్పు పడితే రుద్దేయొచ్చు. అడుగు భాగంలో పగులు ఉన్నా, బ్లేడు బయటికి వచ్చే సందు అంచు విరిగి ఉన్నా వదిలేయండి.

ఉలులు 6, 12, 18, 25 మిల్లీమీటర్లవి నాలుగు. బెజ్జం వెడల్పు చెక్క మందంలో మూడో వంతు ఉండాలన్నది మామూలు లెక్క. 18 మిల్లీమీటర్ల పలకకు 6 మిల్లీమీటర్ల ఉలి అందుకే. వీటికి తోడు ఒక చెక్క సుత్తి, రెండు క్లాంపులు.

అన్నిటికంటే ముందు పక్కన పెట్టాల్సిన డబ్బు సానరాళ్లది. సెట్ల ప్రకటనల్లో దీని ఊసే సరిగ్గా ఉండదు. కొత్త ఉలి షాపు నుంచి వచ్చినట్టే వాడటానికి పనికిరాదు. 1000 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) రాయి ఒకటి, 6000 ప్రాంతంలో ఇంకొకటి ఉంటే చాలు. మొదట ఉలి వీపు (ఏటవాలు లేని చదును వైపు), పదును దగ్గరి అంగుళం మేర, రాయి మీద బల్లపరుపుగా ఆనేదాకా రుద్దాలి. తర్వాత ఏటవాలు వైపు 25 నుంచి 30 డిగ్రీల కోణంలో పట్టుకుని రుద్దాలి. కాసేపటికి వీపు వైపు, అంచు నుంచి బయటికి బొటనవేలు మెల్లగా జరిపితే సన్నటి ముళ్ల గీతలాంటి గరుకు తగులుతుంది. అది ఆ చివర నుంచి ఈ చివర దాకా తగిలితేనే అంచు పూర్తిగా తయారైనట్టు. అప్పుడు నునుపు రాయికి మారి ఆ గరుకును తీసేయాలి. మెత్తటి చెక్క తీసుకుని, పోగు అడ్డంగా తెగిన కొస మీద ఉలిని నడిపితే పొడిలా రాలకుండా పొరలా లేవాలి. కరెంటు గ్రైండర్ మీద పట్టడం ఇప్పుడే వద్దు. వేడికి అంచు నీలంగా మారితే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

మీ భయం గురించి. మొద్దుబారిన ఉలే ఎక్కువ ప్రమాదం. అది దిగదని బలంగా తోస్తాం, జారి చేతి మీదికి వస్తుంది. కాబట్టి పదును గురించి శ్రద్ధ పెట్టిన పిల్ల భద్రత గురించీ శ్రద్ధ పెట్టినట్టే. చెక్కను చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించాలి. రెండు చేతులూ ఎప్పుడూ పదును అంచుకు వెనకే ఉండాలి. ఉలి బల్ల మీంచి జారితే పట్టుకోబోకూడదు, పడనివ్వాలి, కాళ్లకు గట్టి బూట్లు ఉండాలి. ఈ మూడూ మొదటి రోజే అలవాటు చేసుకోమనండి.

డవ్‌టైల్ రంపం (పావురం తోక ఆకారపు జాయింట్లు కోసేది), చిన్న నునుపు రందా, ఆకురాళ్లు ఇప్పుడు అక్కర్లేదు. కోర్సు మొదలయ్యాక ఏ పనిముట్టు లేక పని ఆగిందో, ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రెండోసారి షాపుకు వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి, మీ అమ్మాయినీ వెంటబెట్టుకెళ్లండి. పిడి చేతికి సరిపోయిందో లేదో తను పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.